స్కాన్‌లో చెవిపోగులు

నిజామాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ మార్కండేయ ఆఫీసుకు గంగమణి చంటిపిల్లాడిని ఎత్తుకుని వచ్చింది. బోధన్‌లో బీడీలు చుట్టే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అది 1998, చెరకు బండ్లు రోడ్డెక్కే కాలం.

"రేపు పెద్దమనుషులను పిలుస్తున్నరు సార్. నన్ను ఎల్లగొట్టి మా ఆయనకు ఇంకో పెండ్లి చేస్తరట. నా కడుపులనే దోషమున్నదట!"

పిల్లాడికి ఎనిమిది నెలలు. ఇంకా మెడ నిలవలేదు. మెదడు కడుపులోనే సరిగ్గా ఏర్పడలేదని పుట్టిన మూడోరోజు తీసిన తల స్కాన్‌లో తేలిందట.

"పుట్టంగనే ఏడ్చిండా?" అడిగాడు మార్కండేయ.

"నాకు సోయి లేకుండె. ఏడ్చిండని మా అక్క గోదావరి చెప్పింది. ఆమె నాకు కాన్పైన బోధన్ ఆస్పత్రిలనే నర్సు. కాన్పు చేసింది, బిడ్డను నిజామాబాద్‌కు తెచ్చి స్కాన్ తీయించింది, ఫిల్ము తెచ్చింది, అన్ని ఆమెనే. అక్క లేకుంటే నేను ఏమైపోదునో సార్."

మార్కండేయ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఒక మూల ఆస్పత్రి చీటీ అంటించి ఉంది. పుర్రెకు రెండు పక్కలా రెండు తెల్లని చుక్కలు. ఆయన పిల్లాడి చెవి తమ్మె తడిమి చూశాడు.

"చెవులు కుట్టియ్యలేదా అమ్మా?"

"మెడ నిలవనిదే ఎట్ల కుట్టిస్త సార్?"

మార్కండేయకు కోపం వస్తే గొంతు మెత్తబడుతుంది. మా సార్‌ను మించినవాళ్లు జిల్లాలో లేరని ఊరంతా చాటే అసిస్టెంటు తారాబాయికి ఆ సంగతి బాగా తెలుసు.

"రేపు మీ అక్కను గూడ రమ్మను," అన్నాడాయన, చాలా మెత్తగా.

మర్నాడు బోధన్‌లో గంగమణి ఇంటి ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. లోపల భర్త ముత్తన్న, అత్త ఈరవ్వ, కాన్పు ఆస్పత్రి డాక్టర్ రాజారాం ఉన్నారు. పిల్లాడు గోదావరి ఒళ్లో ఉన్నాడు. వారం వారం వచ్చి వాడి కాళ్లూ చేతులూ ఆడించేది ఆమే.

"కాన్పప్పుడు మీరెక్కడున్నరు డాక్టర్ సాబ్?" అడిగాడు మార్కండేయ.

"ఆస్పత్రి మీది అంతస్తులనే, మా ఇంట్ల. బిడ్డ పుట్టినంక పిలిచిండ్రు. ఏడ్చిండన్నరు. తర్వాత ఈ ఫిల్ము చూసి కడుపుల దోషమని రాసిన."

"అందరు మెదడునే చూసిండ్రు, చెవుల దిక్కు ఎవరూ చూడలే. ఈ చుక్కలు పోగులు. ఇప్పటికీ చెవులు కుట్టని బిడ్డకు మూడోరోజున పోగులెక్కడివి?"

మార్కండేయ చీటీ ఊడదీశాడు. కింద చందూర్ ఊరికి చెందిన వేరే పాప పేరు, ఏడాది వయసు ఉన్నాయి. స్కాన్ సెంటర్ మిషన్‌లో దాచి ఉంచిన ఈ బిడ్డ అసలు బొమ్మను తారాబాయి ఆ పొద్దున్నే మళ్లీ తీయించి తెచ్చింది. దాన్ని ఆయన డాక్టర్ చేతికిచ్చాడు.

రాజారాం దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "మెదడు మంచిగనే తయారైంది. పుట్టేటప్పుడు గాలి అందలేదు. గా దెబ్బ ఇది."

"సెంటర్ నుంచి మీ చేతికొచ్చేదాక కవరు ఒక్కరి దగ్గరనే ఉన్నది," అన్నాడు మార్కండేయ.

అందరూ గోదావరిని చూశారు.

"నా చెల్లె కాన్పు నేనే చేస్తననుకున్న," అందామె. "బిడ్డ నీలమైండు. అప్పుడన్న మెట్లెక్కి డాక్టర్‌ను పిలువాల్సింది. నా పేరు పోతదని భయపడ్డ. అందుకే ఆస్పత్రిల ఉన్న ఇంకో పాప ఫిల్ముకు చీటీ అంటించి ఇచ్చిన."

ఈరవ్వ బయటికి వెళ్లి పెద్దమనుషులను పంపేసింది. ముత్తన్న తలెత్తలేదు. గంగమణికి వాళ్ల మీద కోపం కూడా రాలేదు. ఆమె గుండె పగిలింది అక్క దగ్గరే.

"ఎనిమిది నెల్లు అందరు నా కడుపును తిట్టిండ్రు. నా కండ్లు తుడిసింది నువ్వే గదక్కా."

మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తాలని నేర్పింది అక్కే. గంగమణి అలాగే చెయ్యి పెట్టి, ఆమె ఒళ్లోంచి బిడ్డను తీసేసుకుంది.