తిరుగు గంట

పొద్దున ఆరున్నరకు శంకరనారాయణ ముందుగదిలో కూర్చుని, ఖాళీ స్టీలు లోటాతో బల్ల మీద మూడుసార్లు కొడతాడు. వంటింట్లోంచి ఆయన భార్య కుముద గరిటెతో గిన్నె మూత మీద మూడు కొడుతుంది. ఆ తరువాతే కాఫీ వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, మొగుడూపెళ్ళాలకు మాటల్లేని రోజైనా సరే, ఆ మూడూ మూడూ తప్పింది లేదు. పక్కింటి చిన్నక్క గడియారం ఆగిపోతే బాగు చేయించుకోనే లేదు. ఆ చప్పుడు వినే పొయ్యి వెలిగించుకునేది.

శంకరనారాయణ బంగారు గనుల్లో వైండింగ్ డ్రైవరు. కూలీలను గనిలోకి దింపి పైకి లాగే కేజ్ ఉంటుంది కదా, దాన్ని నడిపే ఇంజను ఆయన చేతిలో ఉండేది. గనులు మూసేశాక ఊళ్ళో సగం మందిలాగే ఆయనా మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టులు చూసే పనిలో చేరాడు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేవాడు. నిన్నమొన్నటిదాకా అదే పని. పాతాళానికి దింపిన చేత్తో ఏడో అంతస్తుకు ఎక్కిస్తున్నానని నలుగురినీ నవ్వించేవాడే కానీ, ఇంట్లో మాత్రం గని మాట ఎత్తేవాడు కాదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, వినుత. బెంగళూరులో మంచి ఉద్యోగం వదిలిపెట్టి, మూడేళ్ళు కూర్చుని ఎనిమిది పాటలతో తన మొదటి ఆల్బం చేసింది. హౌస్ మ్యూజిక్ అంటారట. అడుగున గుండె కొట్టుకున్నట్టు ఆగని డోలు దెబ్బ, దాని మీద పియానో, మనసు కరిగించే ఒక గొంతు. చిన్నక్క ఒక పాట విని, ఏడుస్తా గంతులేసినట్టుండాదే అన్నది. నాకు కావాల్సింది అదే అత్తా అని వినుత మురిసిపోయింది. తన పని మీద ఆ పిల్లకు అంత నమ్మకం.

పది రోజులుగా వినుత అమ్మానాన్నల దగ్గరే ఉంది. ఆ రోజు మధ్యాహ్నానికల్లా పాటలు ఆల్బం వేసే కంపెనీకి పంపేయాలి. కానీ మొదటి పాట అప్పది, తండ్రి విని ఊ అంటే తప్ప పంపనని పట్టుబట్టింది వినుత. కుముదకు అక్కడే భయం. కూతురు ఉద్యోగం మానేసినప్పటినుంచి ఈయన ఆమె పని గురించి మంచీ చెడూ ఒక్క మాట అనలేదు. కాదంటే ఆ పిల్ల మాట మీద నిలబడే రకం, మూడేళ్ళ కష్టమూ పెట్టెలో పెట్టి మూత వేసేస్తుంది. మళ్ళీ ఈ గడప తొక్కుతుందో లేదో.

కాఫీలు అయ్యాక వినుత కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదట లోటా చప్పుడు మూడుసార్లు వినిపించింది. వెంటనే డోలు అందుకుంది.

"ఆపు," అన్నాడు శంకరనారాయణ.

వినుత ఆపింది. "నచ్చలేదా అప్పా?"

"దీన్ని పంపొద్దు."

వినుత మొహం ఎర్రబడింది. "మూడేళ్ళప్పా. నువ్వు అర నిమిషం గూడా ఇనలేదు. ఉద్యోగం మానినానని కోపముంటే ఆ మాటే చెప్పు. పాట మీద పెట్టొద్దు."

కుముద గరిటె చేతిలో పట్టుకునే వచ్చింది. ఇన్నేళ్ళలో మొగుడి మాటకు పెద్దగా ఎదురుచెప్పిన మనిషి కాదు, ఆ పూట మాత్రం కడిగేసింది. లోకమంతా మెచ్చుకున్నా బిడ్డ ఈయన ఊ కోసం కూర్చుందని, ఆ మాత్రం అనడానికి నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా అని.

ఆయన ఇద్దరినీ చూశాడు. "కోపం కాదు. ఆ మూడు కొట్టినాక తిరుగు గంట యాడమ్మా?"

వినుతకు అర్థం కాలేదు.

"కింద గనిలో నిలబడినోడు గంట మూడు కొడతాడు. మనుషులెక్కాల అని. పైన నేను మూడు తిరిగి కొడితేనే వాడు కేజ్‌లో కాలు పెట్టాల. నువ్వు జవాబు రాకనే కదిలించేసినావు. దాంట్లో మనుషులుంటారు పాపా."

అది నీ లోటా చప్పుడే కదప్పా అని వినుత మెల్లగా చెప్పుకొచ్చింది. పోయిన వారం పొద్దునే రికార్డు చేసింది. వెనక అమ్మ కొట్టింది కూడా పడింది కానీ, కుక్కరు కూతతో కలిసి రొదగా ఉందని కోసేసింది.

"మీ అమ్మది రొదా?"

ఆయన గొంతు పెంచలేదు. లోటా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గని మూసిన మర్నాడు ఈడనే కూర్చోనుంటిని. యాడికి పోవాలో తెలీదు. ఊరికే లోటాతో మూడు కొట్టినాను. ఇంగ జవాబు ఇచ్చేదానికి ఎవరుండారు అనుకున్నా. లోపల్నుంచి మీ అమ్మ మూడు తిరిగి కొట్టె. ఎక్కొచ్చు అని. అది ఇన్నాకనే లేచి రైలెక్కినాను. దినామూ అట్లే ఎక్కినాను."

కుముద గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఇంట్లో పాలు లేవు, పొయ్యి అంటుకోదు, ఈయనేమో కాఫీకి తొందరపెడుతున్నాడని విసుక్కుని, ఉండు వస్తున్నానన్నట్టు మూత మీద మూడు వాయించింది. అంతే. ఆ విసుగును పట్టుకుని ఈ మనిషి పద్దెనిమిదేళ్ళు బతుకు ఈదుకొచ్చాడా? ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వినుత లేచి తల్లి చెయ్యి పట్టుకుంది. "తప్పయింది మా. మళ్ళీ కొట్టు. కుక్కరు ఆపేస్తా."

సరే, అందరూ ఎవరి చోటికి వాళ్ళు పోయారు. ఆయన మూడు కొట్టాడు. కుముద పేరంటంలో పసుపు రాసినంత సుకుమారంగా మూతను తాకింది.

"అది ఎవురింటి గరిటె?" అన్నాడు ఆయన ముందుగదిలోంచి. "దినామూ కొట్టినట్ల కొట్టు కుముదా."

వినుత నవ్వు ఆపుకోలేక రికార్డింగు పాడుచేసింది. మూడోసారికి కుముద దినామూ కొట్టినట్టే కొట్టింది, గిన్నె అదిరిపోయేలా.

గంటలో వినుత దాన్ని పాటలో అతికించింది. లోటా మూడు, మూత మూడు. ఆ తరువాత డోలు కదిలింది. శంకరనారాయణ కళ్ళు మూసుకుని, కుడిచేయి కుర్చీ చేతి మీద వేసి, ఇంజను మీట పట్టుకున్నట్టు బిగించి, చివరిదాకా విన్నాడు. పాట అయ్యాక ఆ చెయ్యి నిదానంగా వదిలాడు.

పంపాలా వద్దా అని వినుత నోటితో అడగలేదు. వేలు ముడిచి బల్ల మీద మూడుసార్లు కొట్టి, తండ్రి వైపు చూసింది.

ఆయన కూతురిని చూశాడు, వంటింటి గడపలో నిలబడ్డ కుముదను చూశాడు. తరువాత తన వేలు ముడిచాడు.

గనులు మూసేశాక ఆయన తిరుగు గంట కొట్టడం అదే మొదలు.