అత్తయ్య వెళ్ళిపోయారు

కాఫీ కప్పులు కడగకముందే కోడలు లైటు స్టాండు తెచ్చి అత్తగారి గదిలో నిలబెట్టింది. జడలు వేయడం మీద వీడియోలు చేసే ఆమెకి, ఆ ఇంట్లో వెలుతురు సరిగ్గా పడే గది అదొక్కటే. దాని గురించే ఇన్నాళ్ళ పోరూనూ. నిన్న సాయంత్రం అత్తగారు సంచీ సర్దుకుని, "వెళ్తున్నా" అని ఒక్క ముక్క చెప్పి చెల్లెలింటికి బస్సెక్కింది. "వెళ్ళొస్తా" అనలేదని కొడుకు గమనించలేదు. కోడలు గమనించి కూడా ఊరుకుంది.

మంచం గోడవారకి జరిపాక మాత్రం కోడలికి మనసులో ఏదో గుచ్చుకుంది. గుచ్చుకున్నదాన్ని లోపలే ఉంచుకునే అలవాటు ఆమెకి లేదు. అత్తగారు నవ్వుతున్న ఫోటో వెతికి, కింద "అత్తయ్య వెళ్ళిపోయారు. ఈ గదిలోకొస్తే కాలూ చెయ్యీ ఆడటం లేదు" అని రాసి ఫోన్లో అందరికీ కనబడేలా పెట్టేసి, దువ్వెన పట్టుకుంది.

కొరియర్ ఆఫీసులో పార్శిళ్ళ మధ్య కూర్చున్న కొడుకు అది ఫోన్లో చూశాడు. చదివాడని చెప్పలేం. అమ్మ ఫోటో, కింద దిగులు మాటలు కనిపించాయి కాబట్టి అలవాటుగా ఏడుపు బొమ్మ ఒకటి నొక్కి జేబులో పెట్టుకున్నాడు. కన్నకొడుకే ఏడ్చాక ఇంకెవరికి సందేహం?

"అయ్యో, ఎలా పోయారు?" అన్నారొకరు. "నిన్ననేగా నాతో మాట్లాడింది!" అన్నారు ఏడాదిగా మాట్లాడనివారు. అత్తగారి మొహం చూడనని ఒట్టేసుకున్న ఆవిడ ఆడపడుచు కూడా "మా వదిన దేవత" అని రాసేసింది. బతికుండగా ఆ మాట అని ఉంటే ఆవిడ ఎంత పొంగిపోయేదో! మధ్యాహ్నానికి ఎదురింటి దర్జీ పూలదండ పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు.

"పెద్దావిడ ఎక్కడమ్మా?"

"వెళ్ళిపోయారని రాశాగా."

"అప్పుడే తీసుకెళ్ళిపోయారా? కడసారి చూపైనా దక్కనివ్వలేదే!"

అప్పుడు వెలిగింది కోడలికి. తీసేద్దామని ఫోన్ అందుకుంది. కానీ జడల వీడియోలకి ఎన్నడూ రానంతమంది వచ్చి ఉన్నారక్కడ. సాయంత్రం తీసేద్దాంలే అనుకుంది.

కొడుక్కి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. "లేదండీ, అమ్మ బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

అతను ఇల్లు చేరేసరికి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"నా చావుకబురు మీ పిన్ని నాకే చదివి వినిపించిందిరా. ఎంత బాగా రాశారో!"

"అత్తయ్యా, నేను ఊరెళ్ళారనే రాశాను," కోడలు ఏడుపు గొంతుతో అంది. "జనానికి తెలుగు అర్థం కాకపోతే నేనేం చేయను?"

"నీ తెలుగుకేం లోటులేదమ్మా. మనసులో ఉన్నదే రాశావు."

"పోనీలే అమ్మా," కొడుకు అడ్డొచ్చాడు. "నువ్వు బాగానే ఉన్నావని పొద్దుట్నుంచీ అందరికీ చెబుతూనే ఉన్నా."

"నీకెవరు చెప్పారు?"

"ఏంటి?"

"నేను బాగున్నానని నీకెవరు చెప్పారురా?"

ఆవిడ వంగి మోకాలి కట్టు చూపించింది. నిన్న బస్సు దిగుతూ పడిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఎవరెవరికో ఫోన్లు కలిపిన మనిషి, ఈ రోజంతా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది మోగలేదు.

"కళ్ళజోడు మరిచిపోయా, దానికోసమే వచ్చా," అని గదిలోకెళ్ళి, లైటు తీగలు దాటుకుంటూ కిటికీలోది తీసుకుంది.

"ఉండిపో అమ్మా."

"ఎక్కడ?"

కొడుకు లైటు స్టాండు వంక చూశాడు. "వెళ్తున్నా," అంది ఆవిడ.

"'వెళ్ళొస్తా' అను అమ్మా!"

ఆవిడ వెనక్కి తిరగలేదు. కోడలు ఎవరూ చెప్పకుండానే ఫోన్లోంచి ఆ ఫోటో తీసేసి, లైటు స్టాండు విప్పడం మొదలుపెట్టింది. కన్నీళ్ళకి మర చేతికి చిక్కడం లేదు.

వీధి చివర బస్సు కోసం నిలబడ్డ ఆవిడ సంచీలో ఫోన్ మోగింది. పేరు చూసి కూడా, పాత అలవాటు కొద్దీ "హలో, ఎవరు మాట్లాడేది?" అంది.

"నేనే అమ్మా. మోకాలు... నొప్పిగా ఉందా?"

ఆ తర్వాత అతనికి ఏడుపు ఆగలేదు. ఆవిడకీ ఆగలేదు. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"లైన్లోనే ఉండు నాన్నా," అంది ఆవిడ.