కూర్చోబెట్టి చూసుకున్న కూతురు

ఆ ఉదయం కూడా సుగంధి తల్లి నూకమ్మను దిండ్లకు ఆనించి ఇడ్లీ తినిపిస్తోంది. “మా అమ్మ ఎస్టేటులో కొబ్బరికాయలు మోసి మమ్మల్ని పెంచినాది. ఇప్పుడు నాను కూకోబెట్టి సూసుకుంతన్నాను” అని మలేషియాలో తాముండే బాగన్ దాతుక్‌లో కనబడినవాళ్ళందరికీ చెప్పుకొనేది. వాళ్ళు మెచ్చుకుంటే ఆమె కడుపు నిండిపోయేది.

కొన్ని నెలల కిందట నూకమ్మకు తుంటి విరిగి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రివాళ్ళు చెప్పింది వేరు. కొన్నాళ్ళు ఫిజియోథెరపీ కేంద్రంలో ఉంచి మళ్ళీ నడక నేర్పించాలన్నారు. అన్న భార్య మోహనప్రియ క్లాంగ్‌లో తమ ఇంటి దగ్గరే చోటు కూడా చూసింది. సుగంధి వింటేనా! “అత్తని ఆశ్రమంలో పడేత్తావేటి వదినా? నీకు బరువైతే నాకిచ్చీ” అని బంధువులందరి ముందూ కడిగేసి, తల్లిని తన ఇంటికి తెచ్చేసుకుంది.

ఆ మాట పడ్డ వదినే ఇవాళ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“అత్తా, ఓపాలి లేసి నిలబడు, సూద్దాం.”

“లేపొద్దు, పడిపోద్ది” అంటూ సుగంధి అడ్డం వెళ్ళింది. “అన్నీ నాను సేత్తన్నాను గదా.”

“అదే సుగంధీ. అన్నీ నువ్వే సేసీసినావు. ఆవిడకేటీ మిగల్చలేదు.”

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది సుగంధికి. “రేత్రీ పగలూ సాకిరీ సేసినందుకా నాకీ మాట? నువ్వే సెప్పమ్మా, నీకేటి తక్కువ సేసినాను?”

నూకమ్మ, కోడలు ముందుకు జరిపిన వాకర్ పట్టుకుని లేవబోయింది. భుజాలు పైకి లేచాయి, నడుము మాత్రం మంచం వదల్లేదు. రెండోసారీ అంతే. చీర కింద కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. రోజూ తన చేత్తో కడిగే కాళ్ళే, ఇంతగా చిక్కిపోయాయని సుగంధి ఇప్పుడే చూసింది.

“వదినా, నిన్ను నానా మాటలూ అనేసినాను” అంది. “ఆ చోటు ఇంకా ఉందా?”

“ఉంది. గానీ ఇంత ఆలీసమైనాక ఏపాటి నడక వత్తాదో సెప్పలేమన్నారు.”

సుగంధి తల్లి పక్కన కూలబడింది. “మొదట్లోనైనా లెగుత్తానని ఒక్కమాట అనలేదేటమ్మా?”

“లెగిసినాను గదే. నువ్వు అంగడికెల్లినప్పుడు గోడ పట్టుకుని వంటింటిదాకా నడిసినాను” అంది నూకమ్మ మెల్లగా. “అమ్మని కూకోబెట్టి సూసుకుంతన్నానని అందరికీ సెప్పుకుని మురిసిపోతన్నావు. నాను నడిత్తే నీ మాట పోద్దని కూకున్నాను తల్లీ.”

సుగంధి ఆ కాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమంది. ఏడవొద్దనడానికి మోహనప్రియకు మనసు రాలేదు. తనూ పక్కన కూర్చుని ఏడ్చింది.