గేటు దగ్గర డీజిల్ తాగేవాడు

ఊరి చివరి రైల్వే గేటు దగ్గర రాత్రిపూట ఇంజను ఆపకూడదని లారీవాళ్లు చెప్పుకుంటారు. పక్కనే తలుపులు ఊడిన పాత గదిలో ఒక గేట్‌మాన్ ఉండేవాడట. పోయాడు గానీ డ్యూటీ దిగలేదట. ఆగిన బండి కిందికి పాక్కుంటూ వచ్చి... డీజిల్ తాగుతాడట.

ఈ మాటను ఊరంతా చాటినవాడు పాలలారీ డ్రైవరే. తండ్రి చేతి మీదుగా వచ్చిన ఆ ముసలి లారీ ఇంకెక్కడ ఆపినా ఏదో ఒకలా లేచేది. ఆ గేటు దగ్గర మాత్రం మూలిగి, దగ్గి, ప్రాణం పోతున్నంత నటన చేసేది. ఆ ఆలస్యానికి ఇప్పటికే రెండుసార్లు పాలు విరిగిపోయాయి. మళ్లీ విరిగితే లారీని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని భార్య తేల్చి చెప్పింది. చెప్పి ఊరుకోక, మెకానిక్ అయిన తన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి పంపింది.

ఆ రాత్రి గేటు పడి ఉంది. పట్టాల వైపు ఎత్తుగా సాగిన రోడ్డు మీద లారీ ముక్కు పైకెత్తి నిలబడింది.

"ఇంజను ఆపు బావా. దీని సంగతేమిటో చూద్దాం."

"వద్దురా... వెనక పాలున్నాయి."

"నీ దెయ్యం డీజిల్ తాగుతుందా, పాలు తాగుతుందా? ఒక మాట మీద ఉండు!"

ఇంజను ఆగింది. చీకటి... నిశ్శబ్దం... ఆపైన, సరిగ్గా కాళ్ల కింద నుంచి—

గుటక్... గుటక్...

డ్రైవరు స్టీరింగును వాటేసుకున్నాడు. "విన్నావా?"

బావమరిది టార్చి పట్టుకుని కిందికి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచి నవ్వు వినిపించింది.

"దెయ్యమూ లేదు, నీ మొహమూ లేదు! డీజిల్ పైపు క్లిప్పు వదులై గాలి పీలుస్తోంది. ఇక్కడ ఎత్తు కదా, బండి ఆగగానే పైపులో ఉన్నదంతా గుటగుటమంటూ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. ఇంక ఇంజనుకు మిగిలేది గాలే!"

క్లిప్పు బిగించిన చప్పుడైంది. తరవాత కేక వినబడింది.

"బావా, నేను గాలి వదిలే స్క్రూ పట్టుకుంటా. నువ్వు దిగి ఇంజను పక్కనున్న డీజిల్ చేతిపంపు కొట్టు!"

డ్రైవరు దిగాలనే అనుకున్నాడు. కాళ్లు ఒప్పుకోలేదు. అంతలోనే కింద కిర్రు... కిర్రు... పంపు ఆడసాగింది. వాడే కొట్టుకుంటున్నాడు కాబోలునని అతడు ఊపిరి పీల్చుకున్నాడు.

"చాలు, బుడగలు పోయాయి! స్టార్ట్ చెయ్!"

తాళం తిప్పీ తిప్పగానే లారీ గర్జించింది. రైలు వెళ్లిపోయి గేటు లేచింది. బావమరిది ఎక్కి కూర్చున్నాడు. పట్టాలు దాటారు. పాలూ దక్కాయి, లారీ కూడా దక్కింది.

బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెచ్చుకోలుగా అన్నాడు.

"ఎంత పిరికివాడివైనా పంపు మాత్రం భలే కొట్టావు బావా. అవునూ, తగిలితే నీ చెయ్యి ఐసుముక్కలా ఉందేమిటి?"

గేరు మార్చబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నేను... సీట్లోంచి దిగలేదురా."

బావమరిది చప్పున తన వైపు కిటికీ అద్దం పైకెత్తేశాడు.

డ్రైవరు గేరు వేసి మెల్లగా అన్నాడు...

"మీ అక్కతో మాత్రం... పంపు కొట్టింది నేనేనని చెప్పు."