పది ఇళ్లకు ఒక కబురు

రాజీనామా కాగితం! ఉతకబోయిన భర్త చొక్కా జేబులో శ్యామలకు దొరికింది. మామ బొగ్గు గనిలోనే ప్రాణం వదిలాక, వారసుడిగా రాజ్‌కుమార్‌కు వచ్చిన ఉద్యోగం అది... నస్పూర్‌లో ఈ క్వార్టరు, పిల్లల చదువులు, అత్త నాగవ్వ మందులు, అన్నీ దాని మీదే! అడిగితే, అది వదిలేసి యాప్ తయారుచేస్తాడట. షిఫ్టు అయిపోయి మొగవాళ్లు గని పైకి రాగానే ఇంట్లో ఆడవాళ్ల ఫోనుకు కబురందే యాప్. తను అడిగిన వాళ్లందరూ బాగుందన్నారట. మొహం మీద అడిగితే బాగాలేదని ఎవరంటారు?

నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శ్యామలకు భయంతో ఏడుపు కూడా రాలేదు. "యాప్ తర్వాత చేద్దువుగాని. ముందుగాల మీ షిఫ్టోళ్లయి పది ఇండ్లకు చేతితోనే చేసి చూద్దాం. నువ్వు పైకొచ్చి నాకు మెసేజ్ పెట్టు, నేను అందరికి పంపుత. పది రోజులైనంక సుత వాళ్లు కావాలంటే, గా కాగితం నేనే ఇచ్చొస్త" అంది. అతను సరేనన్నాడు.

ఆరు రోజులు ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇక ఆ కాగితం తనే ఇచ్చి రావాలేమోనని శ్యామలకు ఆ మెచ్చుకోలే భయమైంది.

ఏడో రోజు, మూడింటికల్లా రావాల్సిన మెసేజ్ మూడున్నర దాటినా రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్... మిగతావాళ్లెవరూ గనికి ఫోను తీసుకెళ్లరు. నాలుగయింది. ఆ పది ఇళ్లలో ముందు శంకరవ్వ వచ్చి గడపలో నిలబడింది, తర్వాత రేవతి, తర్వాత మిగతావాళ్లు. ఉన్నట్టుండి రేవతి చెప్పులైనా వేసుకోకుండా గని వైపు పరుగెత్తింది. వెనకే శ్యామలతో సహా అందరూ!

గని గేటు ముందు హోటల్లో రాజ్‌కుమార్‌తో పాటు ఆ పదిమందీ చాయ్ తాగుతున్నారు! రాజ్‌కుమార్ ఫోనులో చార్జింగ్ అయిపోయింది, అంతే. రేవతి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. శంకరవ్వ రాజ్‌కుమార్ దగ్గరికి వెళ్లింది.

"ముప్పై ఏండ్లసంది మా ఆయన ఆలస్యమైతే యాడనో చాయ్ తాగుతుండనుకొని బతికిన బిడ్డా. ఏడు రోజులల్ల గా ధైర్యం సుత లేకుండ చేసినవ్. నాకొద్దు."

మిగతావాళ్లూ అదే మాటన్నారు.

ఇంటికొచ్చి అతను రాజీనామా కాగితం శ్యామల చేతిలో పెట్టాడు. "రోజు మూడు కొట్టంగనే నువ్వు దర్వాజల నిలబడుతవ్. అది చూడలేకనే గీ పని పెట్టుకున్న" అన్నాడు తల వంచుకుని.

తన కోసమా... ఇదంతా తన కోసమా! అప్పుడు ఏడ్చింది శ్యామల, కడుపులో దుఃఖమంతా బయటికొచ్చేలా. ఏడుస్తూనే కాగితం చింపింది. ఉద్యోగం నిలిచింది. అంటే రేపు పొద్దున ఆయన మళ్లీ గనిలోకి దిగుతాడు...

"రేపటిసంది నాకు సుత మెసేజ్ పెట్టకు" అంది కళ్లు తుడుచుకుని. "దర్వాజల నిలబడి నువ్వు రాంగ చూస్త."