శేరు ఆముదం

"పేరు?"

"మొండయ్య. లారీ మేస్త్రీని."

"అసలు పేరు?"

"గదే అసలు పేరు సార్."

టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో దాచిన వైర్‌లెస్ సెట్లోంచి చీఫ్ నవ్వు వినిపించింది. మేస్త్రీ వేషంలో ఉన్న ఏజెంట్ దశరథం నవ్వలేదు. అది 1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. అతని రిపేరు షెడ్డు లక్సెట్టిపేట నుంచి మంచిర్యాల పోయే సడక్ పక్కన ఉంది.

"విను. సాయంత్రం నాలుగూ నలభైకి మందుగుండు రైలు గోదావరి వంతెన దాటుతుంది. దాన్ని పేల్చడానికి ఒక నల్ల కారు టైంబాంబుతో వస్తోంది. నడిపేవాడు విదేశీ ముఠా నాయకుడు. కోడ్ పేరు డాక్టర్. కారుకు ఆయిల్ కారుతోంది, ఆ దారిలో మేస్త్రీవి నువ్వొక్కడివే. నీ దగ్గర ఆగుతాడు. కాల్పులు మాత్రం వద్దు. బాంబు పెట్టె పేలితే చుట్టూ ఇళ్ళున్నాయి."

"ఆముదం పోస్త సార్. ఇంజన్ ఆయిల్ల ఆముదం కలిస్తే వేడికి జిగురు లెక్క గడ్డ కడుతది. నాలుగైదు మైళ్ళకు ఇంజన్ పట్టేస్తది."

"గుడ్. ఇంకో మాట. పక్క సీట్లో కనకవ్వ ఉంటుంది."

దశరథం చేతిలోని పానా కింద పడింది.

"ఆమె మన మనిషి సార్."

"ముఠాలోకి పంపింది మనమే. మూడు నెలలుగా ఒక్క రిపోర్టు లేదు. డబుల్ ఏజెంట్ ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? నమ్మవద్దు. ఓవర్."

నాలుగేళ్ళ కింద భైంసాలో, పత్తి మిల్లు వెనక గదిలో, వాళ్ళిద్దరూ నాలుగు నెలలు మొగుడూ పెళ్ళాల వేషం వేశారు. ఆమె చొప్పదండి గానుగ ఇంటి పిల్ల. తలకు ఆముదం తప్ప మరొకటి రాసేది కాదు. వాకిట్లో ఎవరూ లేకపోయినా అతన్ని "ఏమయ్యా" అనే పిలిచేది. మిషన్ ముగిశాక వేషాల సామాను డిపార్ట్‌మెంట్‌కు తిరిగి ఇచ్చేశారు. మెట్టెలు మాత్రం ఎక్కడో పడిపోయాయని చెప్పింది. అతను ఏమీ అడగలేదు. అడిగి ఉండవలసిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

నాలుగు గంటలకు కారు వచ్చింది. తెల్ల సూటు వేసుకున్న డాక్టర్ దిగాడు. "ఆయిల్ చూడు. జల్దీ!"

రెండో తలుపు తీసుకుని కనకవ్వ దిగింది. నీలం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, పెదవులకు రంగు. దగ్గరికి వస్తే విదేశీ సెంటు వాసన. తల నూనె లేక గాలికి రేగుతోంది. ఈ మనిషి మారింది, అనుకున్నాడు దశరథం.

అతను ఆముదం డబ్బా ఎత్తాడు.

"ఏం పోయకు మేస్త్రీ," అంది. "ఉన్నది చాలు."

"కారుతున్నది గదమ్మా."

"కారనీ. ఒక్క తలకు రెండు నూనెలు రాస్తే పిచ్చి లేస్తదంటరు మా దిక్కు. నువ్వు ఇనలేదా?"

డాక్టర్ పకపకా నవ్వాడు. "ఈమెకు ఇంజన్ కూడా తలకాయే! పోసెయ్, పోసెయ్."

ఆమె సంచీలోంచి చిన్న సీసా తీసి దశరథం చేతిలో పెట్టింది. "ఖాళీది. పారెయ్యి."

కారును కాపాడాలని చూస్తోంది. చీఫ్ చెప్పింది నిజమే. దశరథం సీసాను చెత్త డబ్బాలోకి విసిరి, శేరు ఆముదం చుక్క మిగలకుండా ఇంజన్లో వంచాడు. ఆమె చూసింది. డాక్టర్ పక్కనే ఉన్నాడు.

కారెక్కుతూ కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది. కాలివేళ్ళకు వెండి మెట్టెలు.

కారు మలుపు తిరిగేదాకా దశరథం కదల్లేదు. తర్వాత చెత్త డబ్బాను బోర్లించాడు. సీసా మూత తీస్తే గానుగ ఆముదం వాసన. మూతగా చుట్టి పెట్టింది ఒక కాగితం.

"పొద్దున్నే సీసెడు ఆముదం ఇంజన్ల పోసిన. ఈడికెల్లి ఇంకో ఆరు మైళ్ళు నడుస్తది. ఆడ రైలు గేటు కాడ పోలీసులను పెట్టిచ్చిన. నువ్వేం కలపకు. ముందే ఆగితే వానితోని నేనొక్కదాన్నే ఉంట."

షెడ్డులో రిపేరుకు వచ్చిన మోటార్ సైకిల్ ఒకటుంది. ప్లగ్గు ఊడదీసింది కూడా అతనే. తిరిగి బిగించడానికి అయిదు నిమిషాలు పట్టింది.

మూడో మైలు దగ్గర, వాగు మీది చిన్న మోరీ వంతెన పక్కన కారు నిలిచిపోయి ఉంది. బానెట్ లేచి ఉంది. లోపలినుంచి మాడిన ఆముదం కంపు. బొగ్గు లారీ ఒకటి ఆగింది, డ్రైవరు చేతులెత్తి నిలబడ్డాడు. బాంబుతో ఆ లారీ ఎక్కాలని డాక్టర్ ఎత్తు. కానీ పెట్టె అతని దగ్గర లేదు. దాన్ని పొట్టకు కరుచుకుని కనకవ్వ వాగులో నడుం లోతున పోతోంది.

డాక్టర్ పిస్తోలు రెండుసార్లు పేలింది.

మూడోసారి పేలింది దశరథం పానా. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆ పానా పిడిలో ఒక్క తూటా ఉంటుంది. డాక్టర్ మోరీ మీద కూలిపోయాడు.

దశరథం నీళ్ళలోకి దూకాడు. పెట్టె ఆమె కింద మునిగి ఉంది. బాంబు గడియారంలోకి నీళ్ళు పోయి ముల్లు నాలుగూ ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. అతను ఆమెను ఎత్తి ఒడ్డు మీద ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"ఏమయ్యా," అంది. "కలపకన్న గద."

"చీఫ్ నమ్మొద్దన్నడు."

"చీఫ్ అన్నడు, సరే. నువ్వేమనుకున్నవ్?"

అతను భుజం మీది తువ్వాలు తీసి ఆమె గాయానికి అదిమాడు.

"ఫికర్ చెయ్యకు. బండైతే ఆగింది." ఊపిరి అందుకుని నవ్వబోయింది. "సీసెడూ దానికే పోస్తి. తల ఎండిపోయింది. జర..."

డబ్బాలోని ఆముదం ఇంకా అతని అరచేతులకు అంటుకునే ఉంది. వాగునీళ్ళకు పోలేదు. రెండు చేతులూ ఆమె తలమీద పెట్టి, నుదుటినుంచి వెనక్కి మెల్లగా రాశాడు. దూరంగా రైలు కూసింది. అది ఆమె విన్నదో లేదో అతనికి తెలియలేదు.

చీకటి పడకముందే టిఫిన్ క్యారియర్ మాట్లాడింది.

"కంగ్రాచులేషన్స్! రైలు క్షేమంగా దాటింది. నీ ఆముదం ఐడియా బ్రహ్మాండం. రిపోర్టు కోసం అడుగుతున్నాను, ఎంత పోశావు?"

"శేరు సార్."

"సరిగ్గా సరిపోయిందన్నమాట."

"లేదు సార్," అన్నాడు దశరథం. "శేరు ఎక్కువైంది."