కాగితం మీద బతికున్నవాళ్లు

ఎండాకాలం మధ్యాహ్నం యూఫ్రటీస్ ఒడ్డునున్న ఆ పేటలో వీధి కుక్క కూడా కనిపించదు. నమాజు ముగించి, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, ఎవరి ఇంటి కింద నేలమాళిగలోకి వాళ్లు దిగి ఎండ తగ్గేదాకా పడుకుంటారు. ఆ రోజూ అలాగే పడుకున్నారు. పేట పెద్ద గాఫిల్ ఒక్కడికే నిద్ర రాలేదు. నేలమాళిగలో చాప మీద దొరగారి కాగితం పరిచి, పక్కన దీపం పెట్టుకుని కూర్చున్నాడు.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలే. మా దేశాన్ని మేమే ఏలుకునే తెలివి మాకింకా రాలేదు, ఇంగ్లీషు దొరల పాలనే మాకు ఇష్టం అని. దాని కింద పేటలోని ముప్పై ఇళ్ల పెద్దలు ముద్రలు వెయ్యాలి. టర్కీ సుల్తాను పాలన పోయినప్పుడు, ఇక మీ రాజ్యం మీదేనని ఊరూరా చాటించింది ఈ దొరలే. ఆ మాట నిలబెట్టుకోమని జనం నిరుడు తిరగబడితే విమానాలు పంపింది కూడా వాళ్లే. ఇప్పుడు మాకు రాజ్యం వద్దని జనం నోటితోనే చెప్పించుకుంటున్నారు. వాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి.

గాఫిల్‌కు రాజ్యం సంగతి పట్టలేదు. అతనికి కొడుకు హాతిఫ్ కావాలి. ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. మసీదు తలుపుకి ‘ఇచ్చిన మాట ఏది?’ అని కాగితం అంటించాడని నెల కిందట పట్టుకుపోయారు. సాయంత్రం స్టీమరులో ఎక్కడో సముద్రం మధ్య దీవికి పంపేస్తారట. ఆ లోపల ముప్పై ముద్రలూ తెస్తే వదిలేస్తామని దొరగారి గుమాస్తా సల్మాన్ అఫందీ మాటిచ్చాడు.

పొద్దున్నుంచి గడప గడపకూ తిరిగి కాళ్లావేళ్లా పడితే, తనదీ కలిపి పదకొండు ముద్రలు పడ్డాయి. తక్కిన పంతొమ్మిది ఇళ్ల పెద్దలు నిరుడు బాంబులకు పోయారు. ఆ మాటే చెప్పుకుందామని గుమాస్తా దగ్గరికి పరిగెత్తాడు.

“పోయారా? ఎవరన్నారు?” అన్నాడు సల్మాన్ అఫందీ.

“నేనే పూడ్చానండీ, ఈ చేతుల్తో.”

“విమానాలు ఖాళీ పొలాల మీదే బాంబులు వేశాయి, ఒక్క ప్రాణమూ పోలేదు అని దొరగారు పైకి రాసేశారు. మా కాగితాల్లో చావనివాళ్లు నీ పేటలో ఎలా చచ్చారు పెద్దాయనా? పో, పోయి వాళ్ల ముద్రలు కూడా వేయించుకురా.”

ఆ వైపు మనిషి మాటకు అతని వేలికుండే, పేరు చెక్కిన ముద్ర ఉంగరమే ఆధారం. ముద్ర పడిందంటే ఆ మనిషి వచ్చి ఎదుట నిలబడినట్టే. అందుకే మనిషి పోగానే, పూడ్చకముందే, అతని ముద్రను గడప రాయి మీద పెట్టి పగలగొడతారు. నిరుడు అంత తీరిక ఎవరికుంది? పంతొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చి, ‘నువ్వే పగలగొట్టు, అన్నా’ అని ముద్రలన్నీ గాఫిల్ చేతిలో పోశారు. అతను పగలగొట్టలేదు. ఎప్పటికైనా పనికొస్తాయేమోనని సంచిలో దాచుకున్నాడు. పెత్తనం చేసేవాడి బుద్ధి అలాగే ఉంటుంది.

ఇప్పుడా సంచి విప్పాడు. భార్య వబ్రియా ఊరవతల దర్గాలో మొక్కుకోవడానికి పోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

మొదట చేతికి తగిలింది పడవ నడిపే ముజ్‌హిర్ మామ ముద్ర. “తప్పయింది మామా, ఏమనుకోకు,” అని గొణిగి, సిరా అద్ది కాగితం మీద నొక్కాడు.

పైన వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

వబ్రియా అప్పుడే వచ్చిందా? పిలిచాడు. ఎవరూ దిగి రాలేదు. రెండో ముద్ర నొక్కాడు.

మళ్లీ చెప్పులు.

మూడు... నాలుగు... ఆపెయ్యాలనిపించింది. ఆపితే సాయంత్రం స్టీమరు కదిలిపోతుంది. నొక్కుతూనే పోయాడు. ముద్ర పడినప్పుడల్లా పైన ఒక జత చెప్పులు. తడిమట్టి వాసన మెట్ల మీదుగా దిగసాగింది. వాన పడి నాలుగు నెలలైంది. పంతొమ్మిదో ముద్ర నొక్కి కళ్లు మూసుకున్నాడు. పంతొమ్మిదో జత చప్పుడైంది. కాసేపటికి... ఇంకొకటి.

లెక్క తప్పానేమో అనుకున్నాడు.

మెట్ల మీద అడుగులు. వట్టి పాదాలు. ఒకరి వెనక ఒకరు. దీపం చిన్నదైపోయింది. గోడల పొడుగునా ఎవరెవరో సర్దుకుని కూర్చుంటున్నారు. ఎవరి ఊపిరీ వినిపించడం లేదు.

“ఎందుకు పిలిచావురా గాఫిల్?”

ముజ్‌హిర్ మామ గొంతు. నోటినిండా మట్టి ఉన్నట్టు...

“ఏం రాశావు? చదువు.”

చదివాడు. చివరిదాకా చదివాడు.

“ఇది మేమన్నామా?”

గాఫిల్ నేల మీద పడి ఏడ్చాడు. “అనలేదు మామా. నా కొడుకు మామా. వాణ్ణి ఒక్కణ్ణి తెచ్చుకోనివ్వండి. రేపు తెల్లారగానే మీ ముద్రలు పగలగొట్టేస్తాను. నా తల మీద ఒట్టు.”

వెనక మూలలో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పడుచు గొంతు. ఎవరిదో పోల్చుకునే ధైర్యం అతనికి లేకపోయింది.

“వెళ్లిరా. మేమిక్కడే ఉంటాం,” అన్నాడు మామ.

కాగితం లాక్కుని మెట్లెక్కాడు. వాకిట్లో ఒక్క చెప్పు కూడా లేదు. మండే వీధిలో పడుతూ లేస్తూ కచేరీకి చేరాడు.

సల్మాన్ అఫందీ వేలితో లెక్కపెట్టాడు. ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. “ముప్పై అడిగితే ముప్పై ఒకటి తెచ్చావేం?” అంటూ చివరి ముద్రను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. “హాతిఫ్, గాఫిల్ కొడుకు... ఇదెలా పడింది? పట్టుకొచ్చిన రోజే వాడి ఉంగరం ఊడదీసుకున్నాం కదా.”

బల్ల సొరుగు లాగాడు. ఉంగరం అందులోనే ఉంది. దాని ముద్ర మీద సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. సల్మాన్ అఫందీ సొరుగు తటాలున మూసేశాడు.

“నా కొడుకేడండీ?”

“మధ్యాహ్నమే వదిలేశాం. ఇంటికి రాలేదా?” తలెత్తకుండా అన్నాడు. “ఇదిగో, పుస్తకంలో కూడా రాసేశాం. మధ్యాహ్నం వదిలిపెట్టడమైనది అని.”

ఆ పుస్తకంలో ఎవరూ చావరని గాఫిల్‌కు తెలుసు. తెలిసీ, ఏమో, ఈ ఒక్కసారికి నిజమే రాశారేమోనని ఇంటికి పరిగెత్తాడు. కన్నవాడి ప్రాణం, ఎంత చెప్పినా వినదు.

వబ్రియా వాకిట్లో పొయ్యి రాజేసి పిండి పిసుకుతోంది. నెల రోజుల తరవాత ఆమె మొహాన నవ్వు కనిపించింది.

“హాతిఫ్ నాన్నా, ఎక్కడికి పోయావు? అబ్బాయి వచ్చేశాడు. చేతులు పట్టుకుంటే ఎంత చల్లగా ఉన్నాయో పాపం. వాడి స్నేహితులు కాబోలు, కింద బోలెడంత మంది ఉన్నారు. చీకట్లో మొహాలు ఆనలేదు కానీ ఎంత మర్యాదస్థులో, ఒక్కరూ గొంతెత్తరు.”

గాఫిల్ నేలమాళిగ మెట్ల వైపు చూశాడు.

ఆమె పిండిలోంచి ఇంకో ముద్ద తీసి అరచేతుల మధ్య గుండ్రంగా తట్టింది. “నీతో కలిపి ఇరవై మందే కదా అంటే, కాదమ్మా, ఇరవై ఒక్క రొట్టెలు చెయ్యి, నాన్న కూడా మాతోనే కూర్చుంటాడు అన్నాడు. దిగు మరి, ఇందాకణ్ణుంచీ నీకోసమే చూస్తున్నారు.”